కోర్సు తర్వాత చూద్దాం, ముందు మంచం సంగతి చెప్పండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మదనపల్లె దగ్గర ఒక అనాథ పిల్లల హోమ్‌లో పెరిగిన అబ్బాయికి మీరూ మీ ఆవిడా ఆరేళ్లుగా చదువు ఖర్చు పెట్టుకుంటున్నారు. ఇంటర్ అయింది, ఇంకో రెండున్నర నెలల్లో 18 నిండుతాయి, హోమ్ వాళ్లు "ఇక మీరే చూసుకోండి సార్" అనేశారు. మీరుండేది బెల్లందూరులో కాబట్టి వాణ్ని బెంగళూరు తెచ్చి, త్వరగా ఉద్యోగం వచ్చే కోర్సు ఏదైనా చేయించాలని ఉంది, ఫీజుకు వెనకాడరు. లేదంటే మీ స్నేహితుడి గోడౌన్‌లో ప్యాకింగ్ పని రేపటి నుంచే సిద్ధం. అమెరికాలో ఉన్నప్పుడు ఫోస్టర్ కేర్ (సొంతవాళ్లు కాని కుటుంబాల్లో ఉంచి పెంచడం) దాటి వచ్చే పిల్లలకు జాబ్ కోర్ లాంటి శిక్షణ పథకాలు చూశాను, ఇక్కడ అలాంటివి లేవా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. కోర్సు ఇప్పుడే ఎంచకండి, గోడౌన్‌లోనూ వేయకండి. ఈ రెండున్నర నెలల్లో ఆఫ్టర్‌కేర్‌కి, అంటే హోమ్ నుంచి 18 నిండి బయటికొచ్చేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆసరాకి, అర్జీ పడాలి, అబ్బాయి కాగితాలన్నీ అబ్బాయి చేతికి రావాలి, బెంగళూరులో ఉద్యోగంతో ముడిపడని ఒక మంచం కనీసం ఏడాదిన్నరకు దొరకాలి. ఆ తర్వాతే శిక్షణ. ఎందుకంటే వాడి మొదటి ఉద్యోగం పోతుంది. శాపం పెడుతున్నాననుకోకండి, పదమూడేళ్లుగా చూస్తున్నది చెప్తున్నాను. మీరు ప్లాన్ చేయాల్సింది రెండో ఉద్యోగానికి.

నేనెవరో రెండు ముక్కల్లో: ఒకప్పుడు బొమ్మసంద్రలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్. ఇప్పుడు ఒక చిన్న ట్రస్టు తరఫున సుంకదకట్టె వైపు రెండు అద్దె ఇళ్లు చూస్తాను, ఒకటి అబ్బాయిలకు, ఒకటి అమ్మాయిలకు. హోమ్‌ల నుంచి 18 నిండి వచ్చినవాళ్లే అందరూ, సగం మందికి పైగా తెలుగు పిల్లలు. మొదట్లో అక్కా అనేవాళ్లు, ఈ మధ్య వచ్చినవాళ్లు ఆంటీ అంటున్నారు, అది వేరే బాధ.

మంచం గురించి ఎందుకింత పట్టు పడుతున్నానో చెప్పాలి. కోలార్ వైపు హోమ్ నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ని నా రెండో ఏడాదిలో ఒక హోటల్లో పెట్టించాను. జీతం, భోజనం, పైన రూములో పడక, అన్నీ ఓనరే. ఇంకేం కావాలి అనుకున్నా. నాలుగో నెల ఏదో ప్లేట్ల దగ్గర మాటా మాటా పెరిగి, వీడు ఏప్రాన్ విప్పి కౌంటర్ మీద పెట్టి బయటికొచ్చేశాడు. టైము రాత్రి పదకొండు. ఉద్యోగం, మంచం, రేపటి టిఫిన్ మూడూ ఒకే నిమిషంలో పోయాయి. యశ్వంతపుర స్టేషన్లో రెండు రాత్రులు పడుకున్నాక మూడో రోజు నాకు ఫోన్ చేశాడు, అది కూడా వేరేవాళ్ల ఫోన్ అడుక్కుని. మన ఇళ్లలో పిల్లలు మొదటి ఉద్యోగం మానేస్తే ఏమవుతుంది? అమ్మ నాలుగు రోజులు సణుగుతుంది, నాన్న పేపర్ చాటు నుంచి ఒక మాట విసురుతాడు, అయినా కంచంలో అన్నం పడుతుంది. వీళ్లకు ఆ నాలుగు రోజులు లేవు. ఆ నాలుగు రోజుల్ని మనం కట్టి ఇవ్వాలి. కాబట్టి కంపెనీ రూము ఇస్తుందంటే సంతోషించకండి, భయపడండి. ఇల్లు తీసుకుని పెట్టడమూ కష్టమే, బెంగళూరు అడ్వాన్సుల సంగతి మీకు తెలుసు. పీజీ చాలు. అద్దె మొదటి ఆరు నెలలు మీరు కట్టండి, తర్వాత సగం, తర్వాత వాడే. కోర్సు ఫీజుకని దాచిన డబ్బుకు ఇంతకంటే మంచి ఖర్చు లేదు.

ఇక అర్జీ. మన దేశంలో ఫోస్టర్ కేర్‌లో ఉండే పిల్లలు తక్కువ, హోమ్‌లలో పెరిగేవాళ్లే ఎక్కువ. అందుకే 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 46వ సెక్షన్ హోమ్ నుంచి 18 నిండి వెళ్లేవాళ్ల గురించే మాట్లాడుతుంది. అందులో ఒక్క మాట గమనించండి: ఆర్థిక సాయం "ఇవ్వవచ్చు" అని ఉంటుంది, "ఇవ్వాలి" అని కాదు. అంటే అడిగినవాడికే వస్తుంది, అడగనివాడి ఫైలు బీరువాలోకి పోతుంది. 2016లో కేంద్రం చేసిన నియమాల్లో 25వ రూల్ వివరంగా ఉంది. 21 నిండేదాకా ఆఫ్టర్‌కేర్ ఇవ్వొచ్చు, ప్రత్యేక పరిస్థితులుంటే ఆపైన ఇంకో రెండేళ్లు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే ఇల్లు, శిక్షణ కాలంలో స్టైపెండ్, మాట్లాడటానికి ఒక కౌన్సెలర్, ఇవన్నీ ఆ రూల్లో రాసే ఉన్నాయి. మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి: పిల్లవాడు బయటికి వెళ్లడానికి రెండు నెలల ముందే అతని తర్వాతి ప్రణాళిక బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లాలి. మీకు మిగిలింది రెండున్నర నెలలు. అర్థమైందిగా, ఈ వారమే కదలాలి.

మీరు చేయాల్సిందల్లా హోమ్ సూపరింటెండెంట్‌ని వెంటబెట్టుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, అదే అందరూ డీసీపీయూ అంటారు, వెళ్లి అడగడం. హోమ్ ఏ జిల్లాలో ఉంటే అక్కడే మొదలుపెట్టాలి, బెంగళూరులో కాదు. కమిటీ ఇచ్చే ఆఫ్టర్‌కేర్ ఆర్డర్ ఫారం 37లో ఉంటుంది, ఆ నంబరు చెప్పి అడిగితే ఎదుటివాళ్ల మొహంలో కాస్త మార్పొస్తుంది. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద 2022 మార్గదర్శకాల ప్రకారం నెలకు 4,000 రూపాయలు అబ్బాయి ఖాతాలో పడాలి. మా వీధిలో షేరింగ్ పీజీలో మంచం ఆరున్నర వేలు, కాబట్టి దాంతో బతకలేడు. ఆ డబ్బు ఆలస్యంగా కూడా వస్తుంది, నా దగ్గరున్న ఒకమ్మాయికి ఎనిమిది నెలలు ఆగి ఒకేసారి పడింది. అయినా ఆర్డర్ తెచ్చుకోండి. రేపు ఏదైనా స్కీములో "నువ్వు హోమ్ పిల్లాడివని రుజువేంటి" అంటే చూపించేది ఆ కాగితమే.

కాగితాల మాటకొస్తే, నేను ఎక్కువ రోజులు తిరిగేది వీటి కోసమే. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. తొంభై శాతం వార్డెన్‌ది ఉంటుంది. ఆ వార్డెన్ ఉద్యోగం మారి ఉంటాడు. బెంగళూరులో బ్యాంకు కౌంటర్ ముందు నిలబడి, ఓటీపీ కోసం ఎక్కడో పీలేరులో ఉన్న మనిషికి ఫోన్ చేస్తూ, ఆయన భోజనానికి కూర్చున్నాడని వాళ్లావిడ చెప్తుంటే... ఇలా ఒక పూట కాదు, మూడు పూటలు పోయాయి నాకు. అందుకే 18 నిండగానే ముందు అబ్బాయి పేరు మీద సిమ్, తర్వాత ఆధార్‌లో ఆ నంబరు, తర్వాత మైనర్ ఖాతాను మేజర్ ఖాతాగా మార్చడం, తర్వాత పాన్. ఇదే వరసలో చేయండి, తలకిందులు చేస్తే మళ్లీ మొదటికొస్తారు. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే రేపు పీఎఫ్ దగ్గర ఇరుక్కుంటుంది.

మీ అబ్బాయి ఆంధ్రా కాబట్టి ఒకటి అడుగుతాను: తల్లిదండ్రులు పోయినప్పుడు వాడి వయసెంత? పదేళ్ల లోపే ఇద్దర్నీ పోగొట్టుకుని, చూసే దిక్కు లేక, ప్రభుత్వ హోమ్‌లోగానీ గుర్తింపు ఉన్న అనాథాశ్రమంలోగానీ చేరిన పిల్లలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బీసీ జాబితాలో ఎ గ్రూపులోకి వస్తారు. ఇది హోమ్ నడిపేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. సర్టిఫికెట్ అక్కడి ఎమ్మార్వో ఆఫీసులోనే తీసుకోవాలి. కాబట్టి ఆధార్ అడ్రసు తొందరపడి బెంగళూరుకు మార్చకండి. ముందు ఆ సర్టిఫికెట్, ఆఫ్టర్‌కేర్ ఆర్డర్, రెండూ చేతికొచ్చాకే. అమ్మాయిలైతే ఇక్కడో తిరకాసు ఉంది, కర్ణాటకలో ఆడవాళ్లకు ఉచిత బస్సు శక్తి పథకం ఇక్కడి అడ్రసు ఉన్నవాళ్లకే, ఆంధ్రా ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టాల్సిందే. మా అమ్మాయిలు రోజూ దాని గురించి నన్ను సతాయిస్తారు. అయినా ఆరు నెలలు టికెట్ కొనుక్కోమంటాను.

ఫారాల్లో తండ్రి పేరు అన్న గడి దగ్గర ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఒకమ్మాయి, చక్కగా ఇంగ్లీషు రాస్తుంది, చేరిన మొదటి రోజు ఫారం నింపుతూ అక్కడ పెన్ను ఆపి, నీళ్లు తాగొస్తానని లేచి, తిరిగి రాలేదు. అరగంట తర్వాత బస్టాపులో దొరికింది. అప్పటి నుంచీ ప్రతి పిల్లతోనూ ఫారాలు ముందే ఇంట్లో కూర్చుని నింపిస్తాను. ఆ గడిలో ఏం రాయాలి, అవతలి మనిషి అడిగితే ఏం చెప్పాలి, చెప్పకుండా ఎలా తప్పించుకోవాలి, అన్నీ. పాస్‌పోర్టుకు మాత్రం ఇప్పుడు తేలికే, పుట్టిన తేదీ రుజువు లేకపోతే హోమ్ అధిపతి లెటర్‌హెడ్ మీద రాసిచ్చేది ఒప్పుకుంటారు.

ఇప్పుడు శిక్షణ. ఇంటర్‌లో ఏ గ్రూపో మీరు రాయలేదు, సరే. నా లెక్కలో మొదట వచ్చేది అప్రెంటిస్‌షిప్. 2019లో సవరించిన నిబంధనల్లో చదువును బట్టి కనీసం 5,000 నుంచి 9,000 దాకా స్టైపెండ్ పెట్టారు, పీణ్య, బొమ్మసంద్ర వైపు కంపెనీలు కొన్ని ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి. పని నేర్చుకుంటూ చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, తప్పు చేస్తే "నేర్చుకునేవాడు కదా" అనే ఓపిక కూడా కొంచెం ఉంటుంది. గుర్తుంచుకోండి, అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు, జ్వరమొస్తే ఆస్పత్రి ఖర్చు ఎవరిదో ముందే అనుకోండి. రెండోది ఐటీఐ, ఓపిక ఉన్నవాడైతే. ఏడాదో రెండేళ్లో పడుతుంది, ఆ రెండేళ్లూ మంచం, భోజనం మీ మీదే, కానీ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉన్నవాడు ఈ ఊళ్లో ఆకలితో ఉండడు. మూడోది, ఎవరూ పట్టించుకోనిది, రుడ్‌సెటీ, స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చే సంస్థ. 1982లో ఉజిరెలో ధర్మస్థల వాళ్లు, రెండు బ్యాంకులు కలిసి మొదలుపెట్టారు, నెలమంగల దగ్గర ఒకటుంది, అనంతపురంలోనూ ఉంది. ఇదే పద్ధతిలో తర్వాత జిల్లా జిల్లాకూ ఆర్‌సెటీలు వచ్చాయి. బస, భోజనం, శిక్షణ ఉచితం. కొన్ని వారాల కోర్సులే, మొబైల్ రిపేరు, మోటార్ రీవైండింగ్, ఇలాంటివి. దాంతో రేపే షాపు పెట్టేస్తాడని కాదు. కానీ హోమ్ బయట, కొత్తవాళ్ల మధ్య, ఒక నెల నిలబడగలడా లేదా అన్నది అక్కడ తేలిపోతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా.

గోడ మీద "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అని రాసిన ఇన్‌స్టిట్యూట్లు మారతహళ్లిలో అడుగడుక్కీ ఉన్నాయి. మీరు ఫీజుకు వెనకాడరు కాబట్టి మీలాంటివాళ్ల కోసమే కాచుకుని ఉంటారు. నిరుడు చేరిన బ్యాచ్‌లో ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి రండి. ఇస్తే ఫోన్ చేసి, మొదటి జీతం ఎంత అని కాదు, ఇప్పుడు ఏం చేస్తున్నావు అని అడగండి.

జాబ్ కోర్ గురించి. అది 1964 నుంచీ ఉన్నది, 16 నుంచి 24 ఏళ్లవాళ్లకు, శిక్షణతో పాటు ఉండటానికి చోటు కూడా ఇస్తారు. దాని అసలు బలం కోర్సులో లేదు, ఆ చోటులో ఉంది. ఫోస్టర్ కేర్ పిల్లల కోసం అక్కడ 1999లో చేఫీ పేరుతో ప్రత్యేక నిధి పెట్టారు, 2008 చట్టంతో రాష్ట్రాలు కోరుకుంటే 21 దాకా కేర్‌లోనే ఉంచే వీలొచ్చింది. ఇక్కడ అచ్చం అలాంటిది లేదు. రూపంలో దగ్గరగా ఉన్నదంటే అగ్నివీర్, అదే సైన్యంలో నాలుగేళ్ల కొలువు. మా అబ్బాయిల్లో సగం మంది కల అదే. మంచం, తిండి, యూనిఫాం, మొదటి ఏడాది నెలకు 30,000 ప్యాకేజీ, నాలుగేళ్ల చివర సుమారు 11.71 లక్షల సేవానిధి. హోమ్‌లో గంట కొడితే లేచి గంట కొడితే పడుకున్న పిల్లలకు ఆ క్రమశిక్షణ కష్టమే కాదు. నేను వద్దనను, ఇద్దరిని పరిగెత్తించి పంపాను కూడా. కానీ గరిష్ఠంగా నాలుగో వంతు మందినే ఆ తర్వాత ఉంచుకుంటారు. మిగతావాళ్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు మళ్లీ గేటు బయట ఒక పెట్టెతో నిలబడతారు, ఈసారి ఆఫ్టర్‌కేర్ వయసు కూడా దాటిపోయాక. వెళ్లేవాడికి ఆ నాలుగేళ్లలో సెలవులకు రావడానికి ఒక ఇల్లు కావాలి. మీరు ఆ ఇల్లు కాగలరా అన్నది ఆలోచించండి.

గోడౌన్ ఎందుకు వద్దన్నానంటే, పని చెడ్డదని కాదు. స్నేహితుడి చోటు కాబట్టి. అక్కడ వాడు ఒక రోజు ఆలస్యమైతే ఆ మాట మీకు చేరుతుంది, మీరు వాడికి చెప్తారు, వాడు మీకు మొహం చూపించడం మానేస్తాడు. ఉద్యోగం చూపించినవాళ్లు, అద్దె కట్టేవాళ్లు, గోడు వెళ్లబోసుకోవడానికి ఉన్నవాళ్లు, అందరూ ఒకరే కాకూడదు. మీరు అద్దె కట్టండి, గోడు వినండి, ఉద్యోగం మాత్రం మీ వైపు నుంచి రానివ్వకండి.

డబ్బు గురించి ఒక సంగతి. మా దగ్గర ఒకడికి మొదటి జీతం 13,000 వచ్చింది. ఆ శనివారమే బస్సెక్కి హోమ్‌కి వెళ్లి, చిన్నపిల్లలందరికీ బిర్యానీ, ఇద్దరికి బూట్లు కొనిచ్చి, సోమవారం నా ముందు నిలబడ్డాడు జేబులో 140 రూపాయలతో. నేను కసిరాను. ఇప్పుడైతే కసరను. వాడు చేసింది మన పిల్లలు మొదటి జీతంతో అమ్మకు చీర కొనడం లాంటిదే, కాకపోతే వాడికి అమ్మ స్థానంలో ముప్ఫై మంది ఉన్నారు. అందుకని మొదటి నెల జీతంలో ఇంత వాటా హోమ్‌కి అని ముందే కలిసి లెక్క రాస్తాం, మిగతాది వారం వారం తీసుకునేలా. వాళ్లకు ధరలు తెలియవు, పాపం ఎలా తెలుస్తాయి. అరవై మందికి సాంబారు పెట్టగలిగిన కుర్రాడు ఒక్కడికి ఎన్ని బియ్యం పోయాలో తెలియక మొదటి వారమంతా పక్క గదులకు అన్నం పంచాడు.

నా తప్పు కూడా ఒకటి రాస్తాను, మీరు అదే దారిలో ఉన్నట్టు అనిపిస్తోంది కాబట్టి. లెక్కలు బాగా చేసే ఒక అబ్బాయిని చూసి, వీడు సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్‌తో నడిచే లోహం కోసే యంత్రం) మీద దూసుకుపోతాడని నేనే తీర్మానించి, దాతను పట్టుకుని ఫీజు కట్టించి చేర్పించాను. వాడు నోరు తెరిచి వద్దనలేదు. హోమ్‌లో పెరిగిన పిల్లలు పెద్దవాళ్లకు "వద్దు" అనరు, అది గుర్తుపెట్టుకోండి. "సరే అక్కా" అంటారు, తర్వాత మాయమవుతారు. మూడు నెలలకు మాయమయ్యాడు. ఏడాదికి మాగడి రోడ్డులో ఒక సెలూన్‌లో కనిపించాడు, కత్తెర పట్టుకుని, కస్టమర్‌తో కన్నడలో గలగలా మాట్లాడుతూ. మెషిన్ దగ్గర మాట్లాడటానికి మనిషి లేడక్కా, అన్నాడు. అంతే కారణం. అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. మీరు అడిగేటప్పుడు "నీకేం ఇష్టం" అని అడక్కండి, దానికి వాళ్ల దగ్గర జవాబుండదు. ఒక శనివారం పీణ్యలో ఒక షాపు, ఒక ఆస్పత్రి, ఒక గ్యారేజీ చూపించి, తిరుగు ప్రయాణంలో బస్సులో ఏ చోటు గురించి ఎక్కువ మాట్లాడుతున్నాడో వినండి.

చివరగా, మీరు రాయనిది ఒకటుంది. అబ్బాయికి తోబుట్టువులు ఉన్నారా? ముఖ్యంగా అదే హోమ్‌లోనో పక్క ఊరి ఆడపిల్లల హోమ్‌లోనో చెల్లెలు ఉందా? ఉంటే వాడు బెంగళూరులో నిలవడు, మీరేం చేసినా ప్రతి ఆదివారం బస్సెక్కుతాడు. అలాంటప్పుడు మదనపల్లెలోనో తిరుపతిలోనో ఐటీఐ చూడటం మంచిది, నేను పైన బెంగళూరు గురించి రాసిన దాంట్లో సగం కొట్టేయండి. ఆ సంగతి, ఇంటర్ గ్రూపు, ఆధార్‌లో నంబరు ఎవరిదో కనుక్కుని కింద రాయండి.